గూడు కట్టని పురుగులు

నాలుగోసారి పొర విడిచి నిద్ర లేచిన దసలి పట్టుపురుగు, అడవి చెట్ల మీద పెరిగేది, పదిహేను రోజులు మేసి గూడు కట్టాలి. భీమక్క మద్దిచెట్ల మీది పురుగులు మాత్రం ఇరవై ఐదో రోజున కూడా మేస్తూనే ఉన్నాయి. మొదట్లో ఆమె మురిసిపోయింది. పురుగు ఎంత లావైతే గూడు అంత బరువు కదా! బూర్గంపాడు నుంచి వచ్చిన చుట్టాలను పిలిచి మరీ చూపించింది. అది మూన్నాళ్ల ముచ్చటే అయింది. పురుగులు నల్లబడి రాలిపోసాగాయి. ఒక్కటంటే ఒక్కటి పోగు తీయలేదు.

పురుగుల కాలంలో భీమక్కకు నియమాలెక్కువ. తలకు నూనె పెట్టదు, ఒంటికి సబ్బు రుద్దదు. వాసన తగిలితే పురుగు మేత మానేస్తుందని ఆమె నమ్మకం. ఆకు అయిపోయిన చెట్టు నుంచి ఆకున్న చెట్టుకు పురుగుల్ని మార్చేది ఆమె ఒక్కతే. ఇంకో చెయ్యి పడనివ్వదు. అలాంటి తోటకు, కడుపు పోయి ఇరవై రోజులైనా కాని కోడలు దుర్గ ఒకరోజు జావ తెచ్చింది. అత్త పొద్దుటి నుంచి పస్తు ఉందని తెచ్చింది పాపం. గట్టు మీద పెట్టి వెళ్లిపోయింది. పురుగులు రాలగానే భీమక్కకు ఆ జావ గుర్తొచ్చింది.

“మైల కాళ్లతోటి తోటల అడుగు పెట్టినవ్. నీ కడుపుల నిలువంది నా చెట్ల మీద నిలుస్తదా?”

అనకూడని మాట. నోరు జారాక ఆమెకూ తెలిసింది, కానీ తగ్గే మనిషి కాదు. “నేను చెట్టు ముట్టలే అత్తా” అని, దుర్గ సంచి పట్టుకుని కారేపల్లి తల్లిగారింటికి పోయింది. కొడుకు రాజు ఆ రోజు నుంచి తల్లితో మాట్లాడలేదు.

వారానికి పట్టుశాఖ ఉద్యోగి చిరంజీవి వచ్చాడు. రాలిన పురుగును తిప్పి చూశాడు.

“పురుగు ఒంట్ల ఒక హార్మోను ఉంటది పెద్దమ్మా. ‘నువ్వింకా పిల్లవే, తిను’ అని చెప్పేది అదే. అది తగ్గితేనే గూడు కట్టే జీన్లు మేల్కొంటయి. పత్తిల తెల్లదోమకు కొట్టే మందుల్ల గదే పని చేసేది ఒకటుంది. ఇసుమంత తగిలినా సాలు, ఇగ పురుగు పెద్దగైతది గని గూడు కట్టది.”

“పత్తిచేను వాగవతల ఉంది గద సారు?”

“అవ్, గాలికి ఇంత దూరం రాదు. పురుగుల్ని ఎవరు ముట్టుకున్నరు?”

భీమక్క తన చేతుల వైపు చూసుకుంది. రోజూ పొద్దున ఆ పత్తిచేనుకే కూలికి పోయేది. డ్రమ్ములో మందు కలపడం ఆమె పని. మోచేతుల దాకా మందే. వాగులో ఉత్త నీళ్లతో కడుక్కుని నేరుగా పురుగుల దగ్గరికి వచ్చేది. సబ్బు నిషేధం కదా!

మధ్యాహ్నం సబ్బుతో చర్మం మండేదాకా కడుక్కుని కారేపల్లి బస్సెక్కింది. దుర్గ చెంబుతో నీళ్లిచ్చింది.

“గూళ్లు కట్టినయా అత్తా?”

“లేదు బిడ్డా. నీ కాళ్లు కాదు, నా చేతులే చేసినయి. మందు చేతులతోటి ముట్టిన. సారు చెప్పిండు. తప్పు నాది, ఇంటికి పోదాం రా.”

దుర్గ ఖాళీ చెంబు అందుకుంది.

“ఐదో నెల దాకా నీ పక్కన నిలవడి నేను గూడ ఆ డ్రమ్ము కలిపిన గద. నా కడుపుల దానికేమైందో సారును అడిగినవా అత్తా?”

భీమక్క అడగలేదు. అడగాలని తోచనే లేదు. సాయంత్రం బస్సులో ఆమె ఒక్కతే తిరిగొచ్చింది.