పల్మీరా ముక్కు

మా లాంగె కొండల్లో చెట్ల వేళ్లను అంటిపెట్టుకుని నేలలోపల పెరిగే, ఘాటైన వాసన కోసం వంటల్లో వేసే తెల్ల ట్రఫుల్ గడ్డల్ని తవ్వేవాళ్లు చాలామందే ఉన్నారు. పల్మీరా పిన్ని ముక్కుకు ఎదురుచెప్పినవాళ్లు మాత్రం లేరు. తన కుక్క గడ్డ జాడ పట్టి నేల గీరగానే ఆమె గుప్పెడు మట్టి తీసి వాసన చూసేది. పండిందనిపిస్తే తవ్వేది, లేదంటే కప్పేసి నాలుగు రోజులాగి వచ్చేది. మా అమ్మ కాలం నుంచీ మా పూటకూళ్ల ఇంటికి గడ్డలు తెచ్చిపెట్టేది ఆమే. వంటగది నా చేతికొచ్చాక కూడా ఆమె తెచ్చినదాన్ని నేనెన్నడూ పరీక్షించలేదు.

ఒక అక్టోబరులో, జ్వరంపడి లేచిన వారానికి ఒక గడ్డ తెచ్చింది. గుడ్డ విప్పగానే కుళ్లు కంపు గుప్పుమంది. ఆమె మాత్రం నవ్వుతూ నా మెప్పు కోసం చూస్తోంది. నేను వంటగది తలుపు మూసి వచ్చాను.

“పిన్నీ, నీకు వాసన తెలియట్లేదు కదూ?”

ఆమె గడ్డను మళ్లీ గుడ్డలో చుట్టేసింది. “కాఫీ కూడా వేడినీళ్లలాగే ఉందే, దెల్ఫీనా. ఎవరికీ చెప్పకు. జాలిపడితే నేను భరించలేను.”

వాసన తిరిగి రావచ్చు, రాకపోనూవచ్చు అన్నాడట డాక్టరు. నేను తోడొచ్చి వాసన చూసిపెడతానన్నాను. నీ ముక్కు ఉల్లిపాయలకే చాలదు పొమ్మని కొట్టిపారేసింది.

ఆ మర్నాటి నుంచి మధ్యాహ్నాలు మా వంటగదిలో కూర్చుని, నేను వేరేవాళ్ల దగ్గర తెప్పించిన గడ్డల్ని కళ్లు మూసుకుని తడమడం మొదలుపెట్టింది. నేను వాసన చూసి ఏది పండిందో, ఏది పచ్చిదో చెప్పేదాన్ని. అది ఆమె వేళ్లకు పాఠం. అడవిలోనేమో తన కుక్క బిర్బా కాళ్లను గమనించేది. పండినదానికి అది రెండు కాళ్లతో ఆపకుండా గీరుతుందట. పచ్చిదానికి ఒక్క కాలితో గీరి ఆమె మొహంలోకి చూస్తుందట. ముక్కు ఉందన్న ధీమాతో ఇన్నేళ్లూ ఈ తేడానే పట్టించుకోలేదని నాతో చెప్పింది.

నవంబరు మధ్యలో ఒక పొద్దున, బూట్లనిండా బురదతో వచ్చి, పిడికెడంత గడ్డ బల్లమీద పెట్టింది.

“ఓక్ చెట్టు కిందది. బంకమట్టిలో పెరిగింది కాబట్టి వంకరలు తిరిగింది. పండి రెండు రోజులై ఉంటుంది. తప్పయితే చెప్పు.”

నేను వాసన చూశాను. తప్పేమీ లేదు.

వెన్నలో రెండు గుడ్లు వేయించి, పైన ఆ గడ్డనే పల్చగా తరిగి ఆమె ముందు పెట్టాను. ఎలా ఉందో చెప్పమంది. వెల్లుల్లి, తేనె, వాన వెలిశాక గడ్డివాము అన్నాను. ఇంకా చెప్పమంది.

“నువ్వు లోపలికి రాగానే మా అమ్మ పని ఆపి తలెత్తి చూసేదే, ఆ వాసన పిన్నీ.”

ఆమె తలూపి, నెమ్మదిగా నములుతూ, కంచంలోని వెన్నంతా రొట్టెతో తుడిచి తినేసింది.

వాసన మళ్లీ రాలేదు. అయినా ఆరు శీతాకాలాలు ఆమె అడవికి వెళ్లింది, ఒక్క చెడ్డ గడ్డ తేలేదు. ఆరో ఏట మా భోజనాల గదిలో చేరిన గడ్డలు తవ్వేవాళ్లు ఆమె ముక్కును పొగుడుతుంటే, అది పనిచేయడం మానేసి ఐదేళ్లు దాటిందని తాపీగా చెప్పింది. గదిలో ఎవరూ నమ్మలేదు. నన్ను అడిగారు. నిజమేనన్నాను. అప్పుడు వాళ్లంతా కుర్చీలు దగ్గరికి జరుపుకుని, పండాయో లేదో తడిమి చెప్పమంటూ తమ గడ్డల్ని ఒక్కొక్కటే ఆమె చేతిలో పెట్టడం మొదలుపెట్టారు.