తాడు చివరి చుట్టు

కాటా ముల్లు మాట వినడం లేదు.

బస్తాలు తూచే ఆ పెద్ద కాటా మీద, నిక్కరు తప్ప ఒంటి మీద మరేమీ లేకుండా, గుంజ ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. తెల్లవారక ముందు నుంచీ, బస్తాల మీద కప్పే ప్లాస్టిక్ పట్టాను ఒంటికి చుట్టుకుని గోదాము చుట్టూ పరిగెత్తుతున్నాడు. పట్టా విప్పినప్పుడల్లా లోపలి చెమట చెంబుతో ఒంపినట్టు నేల మీద పడుతోంది. నిన్నటి నుంచి తిండి లేదు. రాత్రి నుంచి నీళ్ళు లేవు. పెదవుల మీద పొలుసులు లేచాయి. నాలుక నోట్లో చెక్కముక్కలా ఉంది.

"ఇంకా అరకిలో బావా," అన్నాడు బావమరిది. బస్తాల మీద కాళ్ళు బారజాపుకుని కూర్చుని, ఉడికించిన గుడ్డు పెంకు ఒలుస్తున్నాడు. అది నాలుగోదో అయిదోదో. "ఉమ్మెయ్. ఉమ్మితే కూడా తగ్గుద్ది."

"ఉమ్మడానికి నోట్లో తడుంటేగా."

"అయితే ఏడు. అందులోనూ నీళ్ళే పోతాయి." తన జోకుకు తనే నవ్వుకుని గుడ్డు మొత్తం నోట్లో వేసుకున్నాడు.

గుంజ మళ్ళీ పట్టా చుట్టుకున్నాడు.

అతని అసలు పేరు ఇంట్లోవాళ్ళు కూడా మరిచిపోయారు. ఇరవై ఏళ్ళుగా ఈ గోదాములో బస్తాలు మోస్తున్నాడు. ఏటా గోదాముల మధ్య జరిగే తాడు పోటీలో తమ జట్టుకు చివరి మనిషి అతనే. ఎనిమిది మందిలో ఏడుగురు చేతులతో లాగుతారు. ఎనిమిదోవాడు తాడు కొసను చంక కింద నుంచి తీసి, వీపు మీదుగా భుజం మీదికి చుట్టుకుని, మడమలు నేలలో దిగేసి, వెనక్కి ఒరిగి ఉండిపోతాడు. ముందున్నవాళ్ళు అలిసినా, జారినా, జట్టును ఆపేది ఆ ఒక్క ఒళ్ళే. అతణ్ణి కదిలించడమూ, పాతిన గుంజను పెరకడమూ ఒకటేనని ఎవరో అన్నారు. ఆ మాటే పేరైంది.

పేరైతే వచ్చింది గాని కప్పు రాలేదు. ఆరుసార్లు ఫైనల్‌కు వెళ్ళారు, ఆరుసార్లూ ఓడారు. ఒకసారి ఇద్దరు రాత్రి తాగి వచ్చారు. ఒకసారి ముందువాడికి చెయ్యి బెణికింది. ఒకసారి అందరూ బాగానే ఉన్నారు, అయినా ఓడారు. ఓడిన ప్రతిసారీ ఏడుగురూ తాడు వదిలేసి పక్కకి తప్పుకునేవాళ్ళు. తాడు ఒంటికి చుట్టుకున్నవాడికి ఆ వీలు లేదు. అవతలివాళ్ళు గెలిచిన సంబరంలో అతణ్ణి బరబరా ఈడ్చుకుపోయేవాళ్ళు. జనం నవ్వేవాళ్ళు.

బావమరిది సంగతి వేరు. పక్క గోదాములో ఉండగా వరసగా మూడేళ్ళు కప్పు కొట్టిన జట్టులో ఉన్నాడు. తాడు మీద మూడోవాడు. ఆ మూడు పతకాలూ గుంజ ఇంట్లోనే అద్దాల బీరువాలో వేలాడుతుంటాయి, అతని అక్క, అంటే గుంజ భార్య, అడిగి తెచ్చుకుంది కాబట్టి. "మా తమ్ముడివి," అని వచ్చినవాళ్ళకు చూపిస్తుంది. "మరి మీ ఆయనవో?" అని ఎవరైనా అడిగితే టీ తెస్తానని లోపలికి వెళ్ళిపోతుంది. బీరువాలో నాలుగో మేకు ఒకటి ఖాళీగా ఉంది. పతకాలు తుడిచినప్పుడల్లా ఆమె దాన్ని కూడా తుడుస్తుంది. గుంజ అది చూశాడు. చూసినట్టు ఎప్పుడూ చెప్పలేదు.

"మా బావ గొప్పోడే, కాదన్నదెవరు?" అంటాడు బావమరిది భోజనాల దగ్గర. "కాకపోతే ఆ గొప్ప ఎక్కడ దాచాడో కనబడదు. నాది బీరువాలో ఉంది, వెళ్ళి చూసుకోవచ్చు."

ఈ ఏడు బావమరిదికి ఈ గోదాముకు బదిలీ అయింది. మొదటిరోజు సాధనలోనే గుంజకు విషయం తెలిసిపోయింది. తాడు చివర ఉన్నవాడికి తాడు అన్నీ చెబుతుంది. బావమరిది దవడలు బిగిస్తాడు, మెడ నరాలు పొంగిస్తాడు, కళ్ళు ఎర్రజేస్తాడు. చూసేవాళ్ళకు ప్రాణం పెట్టి లాగుతున్నట్టే ఉంటుంది. అతని చేతుల మధ్య తాడు మాత్రం బట్టలు ఆరేసిన తాడులా ఊగుతుంటుంది. మూడు కప్పులూ మిగతా ఏడుగురు తెచ్చినవి. గుంజ ఎవరితోనూ అనలేదు. ఎంతైనా భార్య తమ్ముడు.

మేనేజరుకు ఇవేమీ అక్కర్లేదు. "కప్పు కొట్టినవాడే ఆటగాడు. మిగతావాళ్ళు బస్తాలు మోసేవాళ్ళు," అని జట్టు అందరి ముందూ అన్నాడు. ఎనిమిది మంది బరువు కలిపి ఇంత దాటకూడదని పోటీలో ఒక లెక్క ఉంది. భారీ మనిషైన బావమరిది చేరేసరికి మూడు కిలోలు ఎక్కువైంది.

"నేను తగ్గితే బలం తగ్గిపోద్ది సార్. మూడు కప్పుల బలం ఇది," అన్నాడు బావమరిది పొట్ట నిమురుకుంటూ.

అందరూ గుంజ వైపు చూశారు. వచ్చే ఏటికి అతనికి వయసు దాటిపోతుంది, జట్టులో ఉండనివ్వరు. ఇదే చివరి తాడు. అతను తల ఊపాడు.

ఎండ ఎక్కాక భార్య క్యారియరు పట్టుకుని గోదాము గేటు దగ్గరికి వచ్చింది. అతని మొహం చూసి ఆగిపోయింది.

"ఏంటిది, కళ్ళు లోపలికి పోయినయ్? రాత్రీ తినలా, పొద్దునా తినలా."

"తూకం అయ్యాక తింటాలే."

"ఈసారి వస్తదిలే. తమ్ముడున్నాడుగా. నువ్వు వాడి వెనక గట్టిగా నిలబడు, చాలు." అతని భుజం మీద చెయ్యి వేసింది. తాడు రాసుకుని రాసుకుని చర్మం అక్కడ చెప్పు అట్టలా గట్టిపడి ఉంటుంది. "ఆ నాలుగో మేకు ఖాళీగా చూడలేకపోతున్నా," అంది మెల్లగా.

ఆ మాట చాలు అతనికి. పట్టా చుట్టుకుని మరో రెండు చుట్లు పరిగెత్తాడు. క్యారియరు బావమరిది ఖాళీ చేశాడు.

మైదానంలో తూకం అయింది. ముల్లు గీత మీద సరిగ్గా ఆగింది. జట్టులో ఎవరో విజిల్ వేశారు. గుంజ నీళ్ళ సీసా అందుకోబోతే మేనేజరు పక్కకి తీసిపెట్టాడు. "ఇప్పుడు తాగితే కడుపు పట్టేస్తది. రౌండ్లయ్యాక తాగు."

ఫైనల్లో మూడు రౌండ్లకు రెండు గెలవాలి. అవతలిది కిందటి ఏడు కప్పు కొట్టిన జట్టు. వాళ్ళ చివరి మనిషి మెడ లేనట్టుండే లావుపాటివాడు, నాలుగు ఫైనళ్ళలో గుంజకు ఎదురు నిలబడినవాడు. ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. తాడు చుట్టుకునే ముందు ఒకరికొకరు తల ఊపుకుంటారు. ఈరోజూ ఊపుకున్నారు.

విజిల్ మోగింది.

మొదటి కుదుపుకే జట్టు మూరెడు ముందుకు పోయింది. గుంజ మడమలు నేలను చీల్చుకుంటూ వెళ్ళి ఒకచోట ఆగాయి. అంతే, ఇక కదలలేదు. ఖాళీ కడుపు వెన్నుకు అంటుకుపోయింది. ఛాతీ చుట్టూ తాడు బిగిసి ఊపిరి సగమే లోపలికి పోతోంది. ముందు బావమరిది మొహం అద్భుతంగా ఉంది, జనం అతని పేరు పెట్టి అరుస్తున్నారు. ఆ చోట తాడు మాత్రం ఊగుతూనే ఉంది. అవతలివాళ్ళు లాగారు, ఆగారు, ఊపు అందుకుని మళ్ళీ లాగారు. గుంజ ఆకాశం వైపు చూస్తూ ఒరిగి ఉన్నాడు. ఎడమ చెయ్యి మొద్దుబారుతోంది. పట్టించుకోలేదు. అవతలివాళ్ళ మోకాళ్ళు వణకడం తాడులో తెలిసింది. ఆ వణుకు కోసమే అతను కాచుకుని ఉన్నాడు. ఒక్క అడుగు వెనక్కి వేశాడు. తర్వాత ఇంకొకటి. అవతలి జట్టు గోడ కూలినట్టు ముందుకు పడింది.

మైదానం హోరెత్తింది. ఇంకొక్క రౌండు. ఇంకొక్కటి గెలిస్తే ఆ మేకుకు పతకం.

మేనేజరు వచ్చి అతని పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"గుంజా, కాలు పట్టుకుని కూర్చో."

"కాలికేం కాలేదు సార్."

"తెలుసయ్యా. బెణికిందని చెప్పు. దెబ్బ తగిలినోడి బదులు ఇంకొకణ్ణి దించొచ్చు. బదులు మనిషిని తూచరు. రూలు నేను చదివాను." చూపుడువేలు చివరి బెంచీ వైపు చూపించాడు. అక్కడ లారీ డ్రైవరు జట్టు బనీను వేసుకుని పొద్దుటి నుంచీ కూర్చుని ఉన్నాడు. గుంజ కంటే నలభై కిలోలు ఎక్కువ. గుంజ అతణ్ణి ఇప్పుడే చూశాడు. బనీను కొత్తది. ఇవాళ కుట్టించింది కాదు.

"సార్, ఇంకొక్క రౌండే. నిలబడతా సార్."

"నువ్వు ఖాళీ అయిపోయావు. ఆరుసార్లు నిలబడ్డావు, ఏమొచ్చింది?"

బావమరిది అప్పటికే తాడు కొస పట్టుకున్నాడు. "ఇటివ్వు బావా. నేను చివరికొస్తా, డ్రైవరన్న నా చోట ఉంటాడు. మనింట్లోకే కదా వచ్చేది, నీదైతేనేం నాదైతేనేం?" చుట్టును గుంజ తల మీదుగా తీశాడు. బావమరిదికి ముందే తెలుసు. ఎంత మామూలుగా తీశాడో చూస్తే తెలిసిపోతుంది.

డాక్టరు వచ్చాడు. కాలు అటూ ఇటూ తిప్పి చూశాడు. కాలు శుభ్రంగా ఉంది. మేనేజరు ముందే చెప్పాడు కాబట్టి మడమకు తెల్లటి కట్టు కట్టాడు. గుంజ మొహం బూడిద రంగులో ఉంది, చెమట పట్టడం ఆగిపోయింది, కుడిచేత్తో ఎడమ చేతిని పిసుక్కుంటున్నాడు. డాక్టరు తలెత్తలేదు. కట్టు మాత్రం చక్కగా కట్టాడు.

"కుంటుతూ నడువు," అన్నాడు మేనేజరు. "రెఫరీ చూస్తున్నాడు."

గుంజ కుంటుతూ బెంచీ దాకా నడిచాడు.

అవతలి చివరి మనిషి అది చూశాడు. పెద్దగా ఊపిరి వదిలి తనవాళ్ళతో ఏదో అన్నాడు. వాళ్ళ మొహాల్లోకి ప్రాణం వచ్చింది. కానీ చేతుల్లోకి రాలేదు. వాళ్ళ చేతుల్లో ఉన్నదంతా మొదటి రౌండులో గుంజ తీసేసుకున్నాడు. రెండో రౌండు విజిల్ మోగిన కాసేపటికే అయిపోయింది. డ్రైవరు బరువుకు వాళ్ళు జారుకుంటూ వచ్చేశారు. బావమరిదికి వెనక్కి ఒరగాల్సిన అవసరం కూడా రాలేదు.

"నాలుగో కప్పు!" అని మైకులో అరిచాడు ఒకడు. "ఎక్కడ నిలబెట్టినా కప్పు తెచ్చే మొనగాడు! ఈ గోదాముకు ఇన్నేళ్ళుగా లేనిది ఇదే!"

పతకాలు ఎనిమిది తెచ్చారు. చివరి రౌండులో తాడు పట్టినవాళ్ళకే ఇస్తారు. ఫొటోకు అందరూ వరసగా నిలబడ్డారు. గుంజ లేచి ఆ వైపు రెండడుగులు వేశాడు.

"కొంచెం జరగండి," అన్నాడు ఫొటోగ్రాఫరు. "గెలిచినోళ్ళకి అడ్డమొస్తున్నారు."

జరిగాడు. జనంలోంచి భార్య గొంతు వినిపించింది. తమ్ముణ్ణి పిలుస్తోంది, ఏడుస్తూ నవ్వుతోంది.

"గుంజా, మేం విందుకు పోతున్నాం," అన్నాడు మేనేజరు కప్పును చంకలో ఇరికించుకుని. "సాధన తాడు గోదాము బయట పడుంది, మంచుకు తడుస్తది. లోపల తగిలించి వచ్చెయ్."

గుంజ తల ఊపి బయల్దేరాడు. మైదానం దాటాడు, మలుపు తిరిగాడు, ఎవరూ చూడని గోదాము సందులోకి వచ్చాడు. అక్కడ కూడా కుంటుతూనే నడిచాడు.

తాడు బరువుగా ఉంది. ఎప్పటిలాగే కొసను చంక కింద నుంచి భుజం మీదికి చుట్టుకుని, మిగతాది లోపలికి లాక్కొచ్చాడు. కుళాయి అవతలి గోడ దగ్గర ఉంది. ముందు కాస్త కూర్చుందామనుకున్నాడు. బస్తాలకు వీపు ఆనించి, మడమలు నేలకు తన్ని, వెనక్కి ఒరిగాడు. కుళాయిలోంచి బొట్లు పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. కాసేపటికి అది అతనికి వినిపించలేదు.

చీకటి పడుతుండగా బావమరిది వచ్చాడు. మెడలో పతకం, చేతిలో విందులోంచి తెచ్చిన పొట్లం.

"బావా, అలిగావా? అక్క వెతుకుతోంది." పక్కన కూలబడ్డాడు. "నాకు తెలుసులే. చిన్నపిల్లాడిలా మూతి ముడుచుకుంటే కప్పు వస్తదా? గొప్పోడికి కప్పు దానంతటదే వస్తది బావా. నీకు రాలేదంటే ఏదో తక్కువున్నట్టేగా. చెడ్డగా అనడంలా, ఉన్నమాట." పొట్లం విప్పి ఓ ముక్క తిన్నాడు. "సరే, రా. ఓ నిమిషం నువ్వు వేసుకో. ఎట్టుంటావో చూద్దాం."

పతకం తీసి గుంజ మెడలో వేసి, వెనక్కి జరిగి చూసి నవ్వాడు.

"అబ్బో. దొరబాబులా ఉన్నావు. ఏదీ, తలెత్తు."

తల లేవలేదు. గడ్డం పట్టుకుని ఎత్తబోయాడు. చల్లగా తగిలింది. చెయ్యి తీసేశాడు. తర్వాత తలుపు వైపు ఒకసారి చూసి, బావ తలను ఒక చేత్తో కొద్దిగా ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో పతకం తీసి జేబులో వేసుకున్నాడు. అప్పుడు లేచి బయటికి పరిగెత్తి, జనాన్ని కేకేశాడు.

కాలికి దెబ్బ తగిలి పోయాడని కొందరు చెప్పుకున్నారు. కట్టు అందరికీ కనిపించింది మరి.

బీరువాలో నాలుగో మేకు ఇప్పుడు ఖాళీగా లేదు. ఆమె తుడుస్తుంది, వచ్చినవాళ్ళకు చూపిస్తుంది.

మళ్ళీ సాధన మొదలైనప్పుడు చివరి చోటు బావమరిదికి ఇచ్చారు. పాత తాడు కొసలోకి దూరబోయాడు, పట్టలేదు. ఏళ్ళ తరబడి చెమట తాగి ఆ చుట్టు కొయ్యలా బిగిసిపోయి ఉంది. నీళ్ళలో నానబెట్టారు, కర్రతో కొట్టి చూశారు. చివరికి విసుగొచ్చి కొత్త తాడు కొనుక్కున్నారు. పాతది గోదాము గోడకు వేలాడుతోంది. మిగతా తాడంతా వదులుగా కిందికి జారింది. కొస దగ్గర మాత్రం అది ఒక మనిషి ఛాతీ అంత గుండ్రంగా, లోపల ఎవరో ఊపిరి బిగబట్టి ఒరిగి ఉన్నట్టే, అలా నిలిచి ఉంది.