లెన్సు కింద తాటికల్లు

లేజరు వెలుగుతో కంటికి ఆనని నలుసును పట్టి ఆపడం, అదీ శోభారాణి ఎమ్మెస్సీ ప్రాజెక్టు. లేజరు ఉంది, మైక్రోస్కోపు ఉంది, పట్టడానికి నలుసే లేదు. విదేశం నుంచి రావలసిన ప్లాస్టిక్ పూసలు నాలుగు నెలలైనా రాలేదు. రేపే పరీక్ష. "కాలేదని రాసిచ్చెయ్యి. వచ్చే ఏడు చేద్దువుగాని," అన్నారు ప్రాజెక్టు గైడు చలపతిరావు సారు తాపీగా. ఆయనకేం, పోయేది ఆయన ఏడాది కాదు.

శోభారాణికి ఒళ్లు మండింది. కల్లును పులియబెట్టే ఈస్టు కణం కూడా ఇంచుమించు ఆ పూసంతే ఉంటుంది. కల్లుకేం కరువు? వాళ్ల బాపు భిక్షం శామీర్‌పేటలో తాటిచెట్లెక్కి కల్లు గీస్తాడు. మర్నాడు పొద్దున ఆయన దించిన కల్లు లొట్టిలోంచి చిన్న సీసాలోకి వంపుకొని కాలేజీ బస్సెక్కింది.

మూత తియ్యగానే సారు ముక్కు మూసుకున్నారు. "ల్యాబులో కల్లా? పారబొయ్."

"జవహర్‌నగర్ డంపుయార్డు చెత్త కంపు గీ కాలేజిల రెండేండ్ల సంది పీలుస్తున్నం సార్. గీ చుక్కకేమైతది?"

పరీక్ష చెయ్యడానికి బయటి నుంచి వచ్చిన కామేశ్వరమ్మ గారు ఈ మాటలేవీ పట్టించుకోకుండా, శోభారాణి గాజు పలక మీద వేసిన చుక్కను చూడ్డానికి లెన్సు మీదికి వంగారు. కణాలు కుప్పలు కుప్పలుగా ఉన్నాయి. ఏది చిక్కిందో, ఏది చిక్కలేదో తెలియడం లేదు.

"నీళ్లు కలపమ్మా."

శోభారాణి చెయ్యి ఒక్క క్షణం ఆగింది. కల్లులో నీళ్లు కలిపాడన్న మాట పడకుండా ముప్పై ఏళ్లు బతికిన మనిషి బాపు. ఇయ్యాల్టికి మాఫ్ జెయ్యి బాపూ అనుకుని, చుక్కకు ఇరవై చుక్కల నీళ్లు పోసింది.

ఈసారి కణాలు విడివిడిగా తేలాయి. లేజరు వేసి, పలక జరిపే మర మెల్లగా తిప్పింది. కణాలన్నీ పక్కకు కొట్టుకుపోతుంటే ఒక్కటి మాత్రం లేజరుకు చిక్కి ఉన్నచోటే నిలబడింది. కామేశ్వరమ్మ గారు తనే మర అటూ ఇటూ తిప్పి చూసి మార్కులు వేశారు. శోభారాణికి ఏడుపొచ్చినంత పనైంది.

ఇక రిపోర్టు మీద సారు సంతకం ఒక్కటే మిగిలింది. అది లేనిదే ఆ మార్కులు చెల్లవు. సారు గొంతు తగ్గించారు. "ఈస్టు కల్చర్ అని రాయమ్మా. కల్లంటే కాలేజీకి బాగుండదు. కల్లని రాస్తే సంతకం పెట్టను."

"దాంట్ల బాగుండకపోయేదేముంది సార్?"

వాడిన పదార్థం అన్నచోట ఆమె పెద్దక్షరాలతో రాసింది: తాటికల్లు. గీసినవారు భిక్షం, శామీర్‌పేట. కాగితం ఆయన ముందుకు తోసి, కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"జల్దేం లేదు సార్. మీరు పెట్టేదాంక గీడనే కూసుంట."