చప్పుడు చేయని పిల్లలు

చొక్కా ఎంత ఖరీదైనదైనా కాజా లేకపోతే గుండీకి దిక్కు లేదు. చొక్కాల కంపెనీలో కాజాలు కుట్టే మిషను మీద పదకొండేళ్ళుగా కూర్చుంటోంది కాబట్టి ఆమెను అందరూ కాజాలమ్మ అనేవారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు హాజరు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు. పనిలో వంక పెట్టడానికి వీల్లేని మనిషి. ఉన్న ఒక్క వంకా రెండున్నరేళ్ళ కూతురు. అందాకా పిల్లను చూసుకున్న అత్తగారు తుంటి ఎముక విరిగి పెద్దకొడుకు ఇంటికి చేరింది. మొగుడు లారీ ఎక్కితే వారానికొకసారి మొహం చూపిస్తే గొప్ప.

నెలలో నాలుగు నాగాలయ్యేసరికి సూపర్‌వైజరు పిలిచాడు.

"నువ్వు మంచిదానివే అమ్మా, కాదనను. కానీ ఇంకొక్క నాగా పెట్టావంటే ఆ మిషను మీద ఇంకొకళ్ళని కూర్చోబెట్టేస్తాను. తర్వాత నన్ను అనుకుని లాభం లేదు."

కసిరి ఉంటే ఒక ఏడుపు ఏడ్చి ఊరుకునేది. మెల్లగా చెప్పాడు. అందుకే వణుకు పుట్టింది.

మర్నాడు కుళాయి దగ్గర ఆ సంగతి ఎత్తితే, వీధిలో ఆ తంటా తనొక్కదానిదే కాదని తేలింది. ఒకామె పిల్లవాడి నడుముకు తాడు కట్టి మంచం కోడుకు ముడేసి పోతోంది. ఇంకొకామె బయట తాళం వేసి, తాళం చెవిని తలుచుకుంటూ రోజంతా ఆఫీసు గదులు ఊడుస్తోంది. నాలుగిళ్ళలో అంట్లు తోమే గిన్నెలక్క నాలుగేళ్ళ కొడుకును వెంటబెట్టుకుపోయి, తోమేంతసేపూ తొట్టి కింద కూర్చోబెడుతోంది.

"ఐదుగురం ఐదు చోట్ల చచ్చే బదులు ఒకచోట బతకొచ్చు కదా," అంది కాజాలమ్మ. "ఒక గది, ఒక పెద్ద దిక్కు. అంతేగా కావలసింది."

"అంతేగా అంటే ఎంతలే వదినా," అంది గిన్నెలక్క బిందె దించుతూ. "ఆకాశం, దానికో నిచ్చెన."

పెద్ద దిక్కు తేలిగ్గానే దొరికింది. ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్ళు ఆయాగా చేసి దిగిపోయిన ముసలామె వీధి చివర ఉండేది. అందరికీ ఆయమ్మే. "వేళకింత ముద్ద పెడితే చాలు. పిల్లల్లేని గోడల్ని చూసీ చూసీ కళ్ళు కాయలు కాశాయి," అంది. గది దగ్గరే బండి ఆగింది. వీధి మొత్తానికి ఖాళీగా ఉన్నది ఒక్కటే, గడియారాలు బాగుచేసే ముసలాయన మూసేసిన కొట్టు. పైన ఆయనా, మంచం పట్టిన భార్యా ఉంటారు.

ఆయన అంతా విని, ముక్కు మీది కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఇవ్వననను. అద్దె కూడా వద్దు, ఊరికే బూజు పడుతోంది. కానీ మా ఆవిడకి చప్పుడు పడదు. చప్పుడైన మర్నాడే తాళం నా చేతిలో పెట్టాలి."

"చప్పుడే కదా బాబాయ్. మా పిల్లలు కింద ఉన్నారో లేరో మీకే అనుమానం వస్తుంది చూడండి."

"ఉన్నారో లేరో తెలియని పిల్లల్ని నేనింతవరకూ చూడలేదు."

"మీరు మా పిల్లల్ని చూడలేదు."

అది గొప్పకు చెప్పింది కాదు. పరాయి వంటిళ్ళలో, పనిచోట్ల మూలల్లో, యజమాని కంట పడకుండా పెరిగే పిల్లలకు మాటకంటే ముందు మౌనం వస్తుంది. గిన్నెలక్క కొడుకైతే, కిందపడితే ముందు అరచేత్తో నోరు మూసుకుని ఆ తర్వాత ఏడుస్తాడు. తెలిసిన ఆ విద్యను తల్లులు ఒకచోట చేర్చి పదును పెట్టారు. కాజాలమ్మ కంపెనీలో పారేసే గుడ్డముక్కలు తెచ్చి బొంతలు కుట్టి నేలంతా పరిచింది. గ్లాసులకు గుడ్డ తొడుగులు కుట్టింది. మూతి మీద వేలు పెట్టడం మొదటి పాఠం. ఒకటి, రెండు, మూడు గుసగుసల్లోనే చెప్పుకోవడం రెండో పాఠం. మధ్యాహ్నం పన్నెండింటికి ఏడుగురు పిల్లలకూ ఏడు కంచాలు పరిచేటప్పుడు అయ్యే చిన్న గలగలను మాత్రం ఎవరూ ఏమీ చేయలేకపోయారు.

కాజాలమ్మ బతుకు ఒడ్డున పడింది. సాయంత్రం వెళ్ళేసరికి పిల్ల మొహం కడిగి, తల దువ్వి ఉండేది. మొదటిరోజు కృతజ్ఞత పట్టలేక ఆయమ్మ కాళ్ళకు దండం పెట్టబోతే ఆమె కాళ్ళు వెనక్కి లాక్కుంది.

"నీ కూతురు నాకు పొద్దు గడిపిందే. ఆ లెక్కన నేనే దానికి దండం పెట్టాలి. లే."

ఒక్కటే కొంచెం తేడాగా అనిపించేది. పిల్ల ఇంట్లో కూడా మంచినీళ్ళు సైగ చేసి అడుగుతోంది. మొదట్లో కాజాలమ్మ మురిసింది. ఎంత బుద్ధిమంతురాలో అనుకుంది.

నాలుగో వారం, మధ్యాహ్నం భోజనాల బెల్లు కొట్టి ఎంతోసేపు కాలేదు. వాచ్‌మన్ వచ్చి, "నీకోసం ఎవరో పెద్దాయన గేటు దగ్గర రొప్పుతున్నాడు," అన్నాడు. వెళ్ళి చూస్తే గడియారాల బాబాయ్. ఒక కాలికి ఒక చెప్పు, ఇంకో కాలికి ఇంకో చెప్పు.

"నువ్వు రావాలి అమ్మాయ్."

గదికి ముప్పు వచ్చిందనే అనుకుంది. వెనక్కి చూస్తే సూపర్‌వైజరు తలుపులో నిలబడి ఉన్నాడు. గేటు దాటితే ఐదో నాగా. దాటకపోతే కూతురు. ఆలోచించడానికి అందులో ఏముంది? దాటింది.

దారిలో బతిమాలుకోవడం మొదలుపెట్టింది. "పసివాళ్ళు బాబాయ్, ఒక్కసారికి వదిలెయ్యండి. ఇక మీద గాలి కూడా వినపడనివ్వం."

"చప్పుడు కాలేదమ్మా," అన్నాడాయన ఆగి. "అదే వచ్చిన తంటా."

పన్నెండు దాటిందట. పైన మంచం మీది ఆవిడ, "కంచాల చప్పుడు ఇంకా రాలేదేం?" అన్నదట. నిద్రపోతున్నారేమోలే అంటే, "వెళ్ళి చూస్తావా, నన్ను దేకమంటావా?" అన్నదట. దిగి తలుపు తోస్తే ఆయమ్మ పక్కకు ఒరిగి నేల మీద ఉంది. షుగరు మనిషి. పొద్దుటి ముద్దను ఆకలని అడిగిన పిల్లవాడికి పెట్టేసి తను మాత్ర ఒక్కటే మింగిందట. చుట్టూ ఏడుగురు పిల్లలు గుండ్రంగా కూర్చుని ఉన్నారు. కాజాలమ్మ కూతురు కంచంతో ఆమెకు గాలి విసురుతోంది. ఆయన్ను చూడగానే ఏడుగురూ మూతి మీద వేళ్ళు పెట్టి, చప్పుడు చేయొద్దని ఆయనకే సైగ చేశారు.

"ఎంతసేపు అలా కూర్చున్నారో," అన్నాడు ముసలాయన. "ఒక్కడు కేక పెట్టినా నాకు వినపడేది. ఒక్కడంటే ఒక్కడు."

కాజాలమ్మ మిగతా దారంతా పరిగెత్తింది. వెళ్ళేసరికి ఆయమ్మ గోడకు జారగిలబడి, బాబాయ్ కేకకు వచ్చిన పక్కింటామె పట్టిన పంచదార నీళ్ళు తాగుతోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. "చావలేదులే, అలా చూడకు," అంది. కాజాలమ్మ కూతుర్ని గుండెలకు అదుముకుంది. ఆ పిల్ల తల్లి మూతి మీద కూడా వేలు పెట్టింది.

"నేనే నేర్పాను," అంది కాజాలమ్మ. ఆ మాట ఎవరితో అందో ఆమెకే తెలియదు.

పైనుంచి కర్రతో నేలను పొడుస్తున్న చప్పుడు వచ్చింది. "ఆ పిల్ల తల్లిని ఇలా రమ్మను," అంది ఒక గొంతు. ఆ గొంతు వినడం అదే మొదలు.

మంచం మీద గుప్పెడంత మనిషి. కళ్ళు మాత్రం దీపాల్లా ఉన్నాయి.

"నాకు చప్పుడు పడదని ఎవరు చెప్పారే నీకు?"

కాజాలమ్మ ముసలాయన వైపు చూసింది. ఆయన గోడ వైపు చూశాడు.

"నీకేగా పడనిది," అన్నాడు చివరికి.

"నాకా? నలభై ఏళ్ళు కింద కూర్చుని, చీమ తలంత మరలు చేయి జారతాయని ఇంట్లో నన్ను దగ్గనివ్వలేదు నువ్వు. నేను నోరు మూసుకు బతికితే అది నాకు ఇష్టమనుకున్నావా? మంచం పట్టాక చప్పుడు పడదని ఏ డాక్టరు చెప్పాడు?"

"ఎవరూ చెప్పలేదు. నాకే అలా అనిపించింది."

"అనిపించిందట." ఆవిడ కాజాలమ్మ వైపు తిరిగింది. "ఈ నెల్లాళ్ళూ నేను ఎదురుచూసింది ఆ కంచాల చప్పుడు కోసమేనే. మందు వేళ మరిచిపోయానేమో గానీ అది మరవలేదు. సరే, విను. నా మంచం కిందికి దించండి. ఆ ముసల్దానికి ఈ ముసలిది తోడు. ఒకత్తి పడిపోతే అరవడానికి ఇంకొకత్తి ఉండాలి కదా."

"పిన్నీ," అంది కాజాలమ్మ. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"ఏడవాలంటే కింద ఏడువు. వాళ్ళకు ఎలా ఏడవాలో కాస్త తెలుస్తుంది."

గిన్నెలక్క పరుగున వచ్చి పిల్లల దగ్గర కూర్చున్నాక, కాజాలమ్మ కంపెనీకి తిరిగి నడిచింది. మిషను మీద ఇంకొకళ్ళు ఉంటారని మనసుకు ముందే చెప్పుకుంది. మిషను ఖాళీగా ఉంది. సూపర్‌వైజరు హాజరు పుస్తకం తెరిచి ఉంచుకుని కూర్చున్నాడు.

"సార్, నాగా..."

"గంటన్నర పోతే నాగా ఎలా అవుతుంది? భోజనానికి కొంచెం ఆలస్యమైంది, అంతేగా." పుస్తకం మూశాడు. కాసేపు పెన్ను మూత తీశాడు, పెట్టాడు. "అది సరే గానీ, మా కోడలు కూడా పనికి పోతానంటోంది. ఇంట్లో ఎనిమిది నెలల గుంటడు. మీ గదిలో ఇంకొకడికి చోటుంటుందా?"

అధికారం ఉన్న మనిషి అడిగిన మొదటి సాయం అది. ఆమె కళ్ళ నీళ్ళతోనే నవ్వేసింది. "ముసలాళ్ళను అడిగి చెబుతాను సార్. ఇప్పుడు వాళ్ళు ఇద్దరు."

మర్నాడు పొద్దున్నే నలుగురు తల్లులు నాలుగు కోళ్ళు పట్టుకుని, పిన్నిని మంచంతో సహా కిందికి దించారు. మలుపు దగ్గర మంచం అడ్డం తిరిగితే, "నేనిప్పుడే కాటికి పోవడం లేదే, కాస్త మెల్లగా," అని ఆవిడే నవ్వించింది. నేల మీది బొంతలు సగం ఎత్తేశారు. గ్లాసుల తొడుగులు కత్తిరించి పడేశారు. అరవడం నేర్పడం మాత్రం అంత తేలిక కాలేదు. మౌనం నేర్పడానికి వారం పట్టింది. అరుపు నేర్పడానికి నెలలు పట్టాయి. పిన్ని రోజూ మంచం మీంచి, "నాకు చెవుడు వచ్చింది, గట్టిగా చెప్పండి," అని అబద్ధమాడేది. గడియారాల బాబాయ్ అయితే కింద ఉండలేక, పైన ఉండలేక మెట్ల మీద కూర్చునేవాడు. గోల పెరిగిన రోజున చెవులు మూసుకునేవాడే గానీ, తాళం మాట ఎత్తలేదు. ఆయమ్మ ముందు తను తిని ఆ తర్వాతే పిల్లలకు పెట్టాలని పిన్ని చట్టం చేసింది. ఆ చట్టం మీద ఇద్దరు ముసలాళ్ళకూ రోజూ తగువే.

ఒకరోజు కంపెనీలో తెల్లచొక్కాల కట్ట వచ్చింది. తెల్లదారం, తెల్లగుడ్డ, కళ్ళు పొడుచుకునే పని. కాజాలమ్మ తల దించి కుడుతోంది. కట్ట సగం అయ్యాక పక్కామె టీ గ్లాసు పెడితే తల ఎత్తింది. గోడ గడియారం చూసింది. గంటకు పైగా కూతురు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. ఏం తింటోందో, ఎక్కడ పడిందో, ఎవరు చూస్తున్నారో అన్న మాటే లేదు. పిల్ల పుట్టిన దగ్గర్నుంచీ అలాంటి గంట ఆమెకు ఒక్కటీ దొరకలేదు. ఒక్క క్షణం ఏదో తప్పు చేసినట్టు అనిపించింది. తర్వాత అర్థమైంది. ఆ గంటను తనకిచ్చిన ముసలాళ్ళను, వదినలను, చెప్పులు తారుమారు చేసుకుని పరిగెత్తుకొచ్చిన బాబాయిని ఒక్కొక్కరినే తలుచుకుని, చల్లారిపోతున్న టీ తాగి, తర్వాతి చొక్కా అందుకుంది.