నిలవని పురి

ఈరన్న అల్లిన మంచం సాయంత్రం బాగానే ఉండి తెల్లారేసరికి జారిపోతోంది. ఒకసారైతే ఏదో పొరపాటు అనుకోవచ్చు. ఇది మూడోసారి. మంచం నడుమ తాడు వదులై నేలకు వేలాడుతుంటే, తల గోక్కుంటూ దాని చుట్టూ తిరుగుతున్నాడు.

నల్లమాడ చుట్టుపక్కల ఆ ఏడు వాన మొహం చూసినవాడు లేడు. శెనక్కాయ విత్తనం మూటల్లోనే ఉండిపోయింది. ఒళ్లొంచి పని చేసే మనిషికి ఊరికే కూచోవడం కంటే పెద్ద శిక్ష ఏముంటుంది? అందుకని, కరువుతో తనకేం పని అన్నట్టు చేను గట్టు మీద పచ్చగా నిలబడిన కిత్తనార ఆకులు కోసుకొచ్చాడు. నాయన కాలంనాటి మంచం కోళ్లూ పట్టెలూ గట్టిగానే ఉన్నాయి, తాడే చివికిపోయింది. వాళ్లమ్మ బయమ్మ నడుము పట్టేసి, నేల మీద నుంచి లేవలేక రోజూ మూలుగుతోంది. ఆమెకు మంచం అల్లి ఇస్తానని నలుగురిలో గొప్పగా చెప్పేశాడు కూడా.

ఆ పనిలో సుఖం చేసినవాడికే తెలుస్తుంది. మడుగులో మిగిలిన బురదనీళ్లలో ఆకులు నానేసి, ఆ కుళ్లు కంపు భరించి, బండ మీద బాది, కడిగి ఆరేస్తే తెల్లటి నార చేతికొచ్చింది. అంత కంపులోంచి ఇంత తెలుపు ఎలా వచ్చిందా అని ఈరన్న మురిసిపోయాడు. నార తొడ మీద పెట్టి అరచేత్తో తోస్తే మెలి తిరిగి పురెక్కేది. తోసిన కొద్దీ తాడుకు కావాల్సిన పేట సాగుతుంటే అన్నం సంగతి కూడా గుర్తుండేది కాదు.

మొగుడూ పెళ్లాం పని పంచుకున్నారు. ఈరన్న వీధివైపు అరుగు కట్ట మీద ఒక పేట పేనేవాడు. భార్య హనుమంతమ్మ పెరట్లో ఇంకో పేట పేనేది. ఆడమనిషి చీర మోకాలి పైకి తీసి నార పేనుతుంటే అటు మగవాళ్లు పోరు. పగటిపూట మొగుడైనా సరే. పొద్దువాలాక ఈరన్న రెండు పేటలూ కలిపి తాడు మెలేసి, మంచానికి బిగించేవాడు.

విడివిడిగా చూస్తే రెండు పేటలూ ఎద్దును కట్టినా తెగేలా లేవు. కలిపితే మాత్రం అతని పేట బిగుసుకునేది, ఆమె పేట నీరుగారి విచ్చుకునేది. బండి తోలే జమాల్ బాషా వచ్చి, తప్పంతా నీళ్లలో ఉందన్నాడు. ఈరన్న బావి నీళ్లతో కడిగి చూశాడు, ఏమీ మారలేదు. అమావాస్యకు ముందు కోసిన ఆకు నిలవదని మరొకరన్నారు. వెన్నెల రోజుల్లో కోసిన ఆకూ అదే నిర్వాకం చేసింది. ఈరన్న బుర్ర పనిచేయడం మానేసింది.

బయమ్మకు మాత్రం ఏ అనుమానమూ లేదు. "నీ పెండ్లామే ఇప్పేస్తాండాది రా. నేను ఈడ ఉండేది దానికి గిట్టదు. కుందుర్పిలో మీ అక్క కాడికి పోతా, బండి కట్టించు" అంది.

పెళ్లాం సంగతి ఈరన్నకు తెలుసు. హనుమంతమ్మ అలాంటిది కాదు. కానీ విడిపోతున్నది ఆమె పేటే కదా, అదీ కళ్ల ముందే. అడుగుదామంటే నోరు రాలేదు, అడక్కపోతే కూడు సయించలేదు. ఆమె వడ్డిస్తుంటే దొంగచూపులు చూశాడు. ఏం కావాలని ఆమె అడిగితే నీళ్లన్నాడు. చెంబు ముందరే ఉంది.

మర్నాడు బయమ్మ మూట కట్టుకుని వాకిట్లో కూచుంది. ఇక తేల్చుకోక తప్పదని ఈరన్న మధ్యాహ్నం వేళ, మర్యాద పక్కన పెట్టి, పెరటి గోడ మీదుగా తొంగి చూశాడు.

హనుమంతమ్మ నీడన కూచుని నార పేనుతోంది. విప్పడమేమీ లేదు. ఏదో కూనిరాగం తీస్తోంది. ఆ మొహంలో అంత సంతోషం ఈరన్న ఎన్నడూ చూడలేదు. ఇంట్లో ఆమె ఏ పనికైనా ఒక క్షణం ఆగి మొదలుపెడుతుంది. మందకొడి మనిషని అమ్మ అంటే తనూ ఊఁ కొట్టాడు. ఇప్పుడు చూస్తే ఆ చెయ్యి కంటికి అందనంత వేగంగా కదులుతోంది. ఎక్కడో ఏదో తిరగబడినట్టుంది, అదేమిటో అంతుపట్టక అలాగే నిలబడ్డాడు. కాసేపటికి కనిపించింది. ఆమె ఎడమ తొడ మీద, ఎడమ అరచేత్తో తోస్తోంది.

కుడి చేత్తో పేనిన తన పురి ఒక వైపు, ఆమె పురి ఎదురు వైపు. రెండూ కలిపి మెలేస్తే, ఒకదాన్ని బిగించే మెలికే రెండోదాన్ని విప్పేస్తుంది. ఇన్నాళ్లూ ఆమె పేట విప్పింది ఈరన్నే.

అలికిడికి ఆమె ఉలిక్కిపడి చీర కిందికి లాక్కుంది. నార కుడిచేతికి మార్చుకుంది.

"నాది పుట్టుకతో ఎడమ చెయ్యి వాటం" అంది తల ఎత్తకుండా. "కాపురానికొచ్చిన దినమే మీయమ్మ, ఎడమ చేత్తో వడ్డించే కోడలు ఇంటికి అరిష్టమనింది. ఆ పొద్దు నుంచి అన్నీ కుడి చేత్తోనే నేర్చుకుంటి. ఈడ ఎవురూ చూడరని ఈ పనొకటే నా చేత్తో చేసుకుంటాండా. రేపట్నుంచి ఇది గూడా మార్చుకుంటాలే."

ఈరన్న గోడ దగ్గర్నుంచి వెనక్కి తిరిగాడు. ఒక చిక్కు విడిందనుకుంటే ఇంకో చిక్కులో పడ్డాడు. ఇన్నేళ్లూ తను మందకొడి అనుకున్నది ఎవరిని? ఆమె చెయ్యి మార్చుకుంటే మంచం నిలుస్తుంది, అది తేలికే. కానీ ఆ కూనిరాగం మళ్లీ వినిపిస్తుందా? సిగ్గేసింది, తన మీద తనకే ఒళ్లు మండింది.

కట్ట మీదికొచ్చి కూచున్నాడు. నార తీసి ఎడమ తొడ మీద పెట్టి, ఎడమ అరచేత్తో తోశాడు. చెదిరిపోయింది. మళ్లీ తోశాడు. వంకరటింకరగా జానెడు పేట వచ్చింది.

ఆ పాడు చేత్తో ఏం పనిరా అని బయమ్మ కసిరింది.

"నీ మంచం ఇప్పేసింది నేనేమ్మా" అన్నాడు ఈరన్న. "ఆమె పురికి నా పురి ఎదురు తిరిగింది. ఆమెది ఎడమ చెయ్యి. ఇంగ నాదీ ఎడమ చెయ్యే. ఈ తాడు మీద పండుకుంటావో, కుందుర్పికి పోతావో నీ ఇష్టం."

 బయమ్మ కొడుకు కేసి, మూట కేసి మార్చి మార్చి చూసింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో ఆమెకూ తెలియలేదు.

తలుపు వెనక అంతా విన్న హనుమంతమ్మ బయటికొచ్చింది. మొగుడు పేనిన ముక్కను వేళ్లతో తడిమి, నవ్వాపుకుని, పక్కన పడేసింది. కొత్త నార పిడికెడు తీసి, అత్త చూస్తుండగానే ఎడమ చేత్తో అందించింది. ఈరన్న కుడి చెయ్యి చాపబోయి, తడబడి, ఎడమ చెయ్యి చాపాడు.