వీడ్కోలు మాంసం

మంగళవారం పొద్దున నా తాళంచెవి స్టేడియం గేటులో తిరగలేదు.

పాత తాళం పీకేసి కొత్తది వేశారు. లోపల కాపలావాళ్ళు నిలబడి ఉన్నారు. మా వీధుల కుర్రాళ్ళే, ఎవడిదో కంపెనీ యూనిఫాం తొడుక్కున్నారు. నన్ను చూసి మొహాలు పక్కకు తిప్పుకున్నారు. గోడవారగా, మురుగుకాలువ అంచున, నల్లటి చెత్త సంచులు కుప్పగా పడేసి ఉన్నాయి. ఒక కుక్క ఒక సంచి చింపి అందులోని బూటును నాకుతోంది.

ఆ రగ్బీ స్టేడియంలో గడ్డి కోసేది నేను. గీతలు గీసేది నేను. జట్టు బట్టలు ఉతికేది నొమజిజి. ఆమె నా వెనకే వచ్చింది. ఒక సంచి ముడి విప్పి చెయ్యి పెట్టి, వెంటనే వెనక్కి తీసుకుంది. ముందు రోజు సాయంత్రం ఉతికి ఆరేసిన జెర్సీలవి. తడితడిగానే సంచుల్లో కుక్కారు. ముక్కిపోయిన కంపు కొడుతున్నాయి.

"చూడు జ్వారా," అంది. జ్వారా మా వంశం పేరు, నన్ను అందరూ అలాగే పిలుస్తారు. "చచ్చినోడి బట్టలైనా మడతపెట్టి ఇస్తారు గదయ్యా. వీళ్ళ చేతులు పడిపోను."

మా జట్టు పేరు ఇండ్వే. ఇండ్వే అంటే నీలికొంగ. యుద్ధంలో వెన్ను చూపనివాడి తలలో మా తాతలు ఆ కొంగ ఈక పెట్టేవాళ్ళు. జెర్సీ మీది ఆ కొంగ బొమ్మ ఇప్పుడు మురుగునీళ్ళలో బోర్లా పడి ఉంది.

ఆటగాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. కెప్టెన్ కుసేలి ఆఖరున వచ్చాడు. మనిషి ఆజానుబాహువు, మాట నెమ్మది. వంగి సంచుల్లో తన మోకాలి పట్టీ కోసం వెతుక్కుంటున్నాడు. అప్పుడే తెల్లకారు వచ్చి ఆగింది.

కారులో వుసుమ్జి. వాడు మావాడే. ఒకప్పుడు మట్టి మైదానంలో నా పక్కన ఆడాడు. తెల్లవాళ్ళ పాలనలో నాతో ఒకే కొట్లో జైలు కూడు తిన్నాడు. ఇప్పుడు రగ్బీ బోర్డులో సభ్యుడు. కారు అద్దం సగమే దించాడు. లోపలి చల్లగాలి పోతుందని కాబోలు.

"ఏంటిక్కడ గుంపు? ఫోన్లలో చెప్పాం గదా?"

"ఏం చెప్పారన్నా?" అన్నాడు కుసేలి.

"పోటీ నష్టాల్లో ఉంది తమ్ముడూ. టీవీ వాళ్ళు ఇన్ని జట్లు మాకొద్దంటున్నారు. ఒకదాన్ని తీసెయ్యక తప్పదు. తీసేశాం."

"మమ్మల్నే ఎందుకు? మా స్టాండ్లు నిండుతాయి. ఆ పెద్దపట్నాల జట్లు ఆడుతుంటే కాకులు కూడా రావు."

"మీవి నిండేది జనంతో, కామ్రేడ్. జనం వేరు, మార్కెట్ వేరు."

కామ్రేడ్ అన్నాడు. జైల్లో మేం ఒకరినొకరం పిలుచుకున్న మాట అది.

"మరి ఈ తాళమేంటి?" అంది నొమజిజి.

"కరెంటు, నీళ్ళు, అన్నీ ఖర్చే గదా అక్కా. శనివారం తెరుస్తాంలే. ఆఖరి మ్యాచ్ ఉంది, టీవీకి మాటిచ్చాం. జట్టును ఘనంగా సాగనంపుతాం. బడిపిల్లల పాటలు, ఆటగాళ్ళకు కొత్త కోట్లు, వచ్చినవాళ్ళందరికీ ఎద్దుమాంసం." నా వైపు తిరిగాడు. "నువ్వు శుక్రవారం వచ్చి గీతలు గియ్యి జ్వారా. తెల్లగా గియ్యి. టీవీలో కొట్టొచ్చినట్టు కనబడాలి."

అద్దం పైకి పోయింది. కారు ఉన్నచోట నొమజిజి కాండ్రించి ఉమ్మేసింది.

బుధవారం సాయంత్రం, షిఫ్టు దిగగానే, కార్ల ఫ్యాక్టరీ కార్మిక సంఘం హాల్లో మీటింగు పెట్టాం. కుర్చీలు చాలక గోడల పొడవునా నిలబడ్డారు. ఫ్యాక్టరీ వాళ్ళు, ఆటగాళ్ళు, స్టేడియం బయట నూనెలో పిండిముద్దలు వేయించి అమ్ముకునే ఆడవాళ్ళు, కాలేజీ పిల్లలు. ముందు పాట పాడాం. పాట లేకుండా మా దగ్గర ఏ మీటింగూ మొదలవదు. అధ్యక్షుడు స్టాన్‌ఫర్డ్. కార్లకు రంగులు వేసే విభాగంలో పనిచేసి, అది మూతపడ్డాక చక్రాలు బిగించే పనికి మారినవాడు.

యోలిస్వా అనే కాలేజీ పిల్ల బెంచీ ఎక్కింది.

"ఇంక మాటలెందుకు? స్టేడియాన్ని తగలబెడదాం!"

కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు. నొమజిజి కూర్చున్న చోటు నుంచే అంది:

"తగలబెట్టు తల్లీ. బీమా డబ్బులెవరికొస్తాయి? ఆ వుసుమ్జి గాడికి. ఇంకో కారు కొంటాడు. ఈసారి అద్దం అసలు దిగనిది కొంటాడు."

హాలంతా నవ్వింది. యోలిస్వా కూడా నవ్వు ఆపుకోలేక బెంచీ దిగింది.

ఆటగాళ్ళలో బొంగాని అనే బండమనిషి లేచాడు. "నా మాట వినండి. శనివారం ఆడదాం. గెలుద్దాం. ఇలాంటి జట్టునా మేం తీసేసింది అని వాళ్ళే సిగ్గుపడాలి."

"సిగ్గా?" అన్నాడు స్టాన్‌ఫర్డ్. "మా రంగుల విభాగం మూసిన రోజు ఏం చేశారో తెలుసా నీకు? కేకు తెచ్చారు. తలుపంత కేకు. మీద క్రీముతో థాంక్యూ అని రాసి ఉంది. మేనేజరు తన చేత్తో కోసి మా నోట్లో పెట్టాడు. ఫొటోలు తీశారు. మర్నాడు పేపర్లో ఆ ఫొటో వేసి, కార్మికులు సంతోషంగా సెలవు తీసుకున్నారని రాశారు. నేను రెండు ముక్కలు తిన్నాన్రా. పిల్లలకని ఒకటి జేబులో కూడా పెట్టుకున్నా. ఇప్పటికీ ఆ క్రీము నా పళ్ళ సందుల్లోనే ఉన్నట్టుంటుంది. శనివారం మ్యాచ్ కూడా ఆ కేకే. మీరు గెలిస్తే దానిమీద ఇంకొంచెం క్రీము."

అప్పుడు కుసేలి లేచాడు.

"మీకో మాట చెప్పాలి. దాస్తే రేపు ఇంకొకడు చెబుతాడు. నిన్న నాకు ఫోనొచ్చింది. కేప్‌లో ఒక జట్టు నన్ను తీసుకుంటుందట. శనివారం మనవాళ్ళని నేను మైదానంలోకి నడిపిస్తేనే. నడిపించకపోతే కాంట్రాక్టు తప్పినట్టు రాస్తారట. ఇంక దేశంలో నన్నెవడూ ముట్టుకోడు. మనవాళ్ళందరికీ అంతే."

"అయితే అమ్ముడుపోతావా?" యోలిస్వా అరిచింది.

"నోర్ముయ్యవే!" అంది నొమజిజి. "వాడి మోకాళ్ళే వాడి కూడు. నీకు పరీక్ష పోతే ఇంకోసారి రాస్తావు. వాడికి ఇంకో మోకాలు ఎవడిస్తాడు?"

కుసేలి చెయ్యెత్తి ఆమెను ఆపాడు.

"అడగనీ అత్తా. నేనూ ఒకటి అడుగుతున్నా. నేను ఆడనంటాను. ఆ తర్వాత మీరేం చేస్తారు? నన్నొక్కడినీ ఎండలో నిలబెట్టి, భలే మొనగాడని పాట కట్టి, స్టాండ్లో కూర్చుని మాంసం తింటారా? అలాగైతే ఇప్పుడే చెప్పండి. నేను కేప్ పోతా, మా అమ్మ ఇంటి కప్పు వేయించుకుంటా."

సరైన ప్రశ్న అడిగాడు. బయట సముద్రం గాలికి హాలు రేకులు కొట్టుకుంటున్నాయి.

ముందు ఆడవాళ్ళు మాట్లాడారు. పిండిముద్దలు వేసే నోజుకో, నూనె మరకల చేతులు ఒళ్ళో పెట్టుకుని అంది: "శనివారం ఆ గేటు ముందు మా పొయ్యి ఒక్కటి కూడా వెలగదు. మనవాళ్ళు ఎక్కడుంటే మా పొయ్యిలు అక్కడే వెలుగుతాయి."

"ఆ రోజు ఫ్యాక్టరీలో ఓవర్‌టైం," అన్నాడు స్టాన్‌ఫర్డ్. "ఒక్కడూ వెళ్ళడు. స్టేడియంలోకీ ఒక్కడూ వెళ్ళడు. నాదీ పూచీ. తప్పినవాడి మొహం మీద నేనే ఉమ్ముతా."

తర్వాత అందరూ నా వైపు చూశారు.

"గీతలు గీస్తావా తాతా?" అన్నాడు కుసేలి.

"గియ్యను," అన్నాను.

కుసేలి కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు. "అయితే ఆడదాం. అదే రోజు, అదే గంటకి. మన క్వాన్‌తాబా మట్టి మైదానంలో. మన పేట క్లబ్బుల్లోంచి పదిహేను మందిని ఎదురు నిలబెట్టండి. ఆడుతున్న జట్టుని ఎవడు పాతిపెడతాడో చూద్దాం."

అప్పుడు లేచిన పాటకు రేకుల చప్పుడు వినపడలేదు.

శనివారం మేం ఊరంతా కలిసి నడిచాం. మట్టి మైదానానికి దారి స్టేడియం గేటు ముందు నుంచే. అక్కడ పెద్దపెద్ద పీపాల్లో మాంసం ఉడుకుతోంది. పైన తెల్లటి నురగ, చుట్టూ ఈగలు. బడిపిల్లల్ని రంగు బట్టల్లో ఎండలో నిలబెట్టారు. వుసుమ్జి సూటు మీద ఏప్రాను కట్టుకుని, గరిటె పట్టుకుని, కెమెరా ముందు నవ్వుతున్నాడు. మమ్మల్ని చూసి ఆ నవ్వు ఇంకా సాగదీశాడు.

"రండి, రండి! మనవాళ్ళే వచ్చేశారు! జ్వారా, పాతరోజులు గుర్తున్నాయా? ముందు నీకే పెడతా, రా."

నొమజిజి అడ్డంగా వెళ్ళి పీపాలోకి తొంగి చూసింది.

"ఎద్దు అరిచిందా?" అంది.

వుసుమ్జి గరిటె ఆగిపోయింది. మా దగ్గర పెద్దలకని ఎద్దును కోస్తే అది అరవాలి. అరిస్తేనే పైనున్నవాళ్ళు విన్నట్టు. అరవని ఎద్దు మాంసం ఆ రోజు ఎవరూ ముట్టరు. ఆ సంగతి వాడికి తల్లిపాలతోనే తెలుసు.

"అంటే… అది… సప్లయరు…"

"ఐసు పెట్టెలో వచ్చిందా! ఏ ఊరి ఎద్దో, ఎప్పుడు చచ్చిందో! మా జట్టుని సాగనంపడానికి నీకు బతికున్న ఎద్దు కూడా దొరకలేదట్రా?"

"పోనీలే నొమజిజీ," అన్నాడు స్టాన్‌ఫర్డ్ వెనక నుంచి. "ఎద్దు అరవకపోతే మనం అరుద్దాం."

నోటి చుట్టూ చేతులు పెట్టి ఎద్దులా రంకె వేశాడు. పక్కవాడు వేశాడు. ఆడవాళ్ళు వేశారు. వీధి పొడవునా, వెనక మలుపు దాకా, వేలమంది రంకెలు వేస్తూ ఆ పీపాల ముందు నుంచి నడిచాం. రంగు బట్టల పిల్లలు ముందు భయపడ్డారు. తర్వాత వాళ్ళూ రంకెలు వేశారు. కెమెరావాడు కెమెరా కిందికి దించేశాడు. వుసుమ్జి అంత మాంసం ముందు ఒక్కడే గరిటెతో నిలబడ్డాడు. ఏప్రాను మీద కొవ్వు చిమ్మి ఉంది. వాడి మీద నాకు జాలి కలగలేదు.

మట్టి మైదానంలో సున్నం లేదు. నోజుకో వాళ్ళు పొయ్యిల బూడిద బకెట్లతో తెచ్చారు. దానితోనే గీతలు గీశాను. తర్వాత రాళ్ళు ఏరడం. క్వాన్‌తాబాలో ఎవరు ఆడినా ముందు రెండు జట్లూ, చూడవచ్చినవాళ్ళూ భుజం భుజం కలిపి వరసగా నిలబడి, ఆ చివర నుంచి ఈ చివరకు వంగి నడుస్తూ రాళ్ళూ గాజుపెంకులూ ఏరాలి. లేకపోతే పడ్డవాడి మోకాలు చీరుకుపోతుంది. ఆ రోజు వరస ఎంత పొడవుందంటే దాని చివర నాకు కనబడలేదు.

సగం దాకా వచ్చామో లేదో పోలీసు బళ్ళు వచ్చాయి. బోర్డు పిలిపించింది. మైదానం అంచున, మేం రాళ్ళు పారబోసే వైపే, డాళ్ళు పట్టుకుని నిలబడ్డారు. వాళ్ళకు కనబడింది ఒక్కటే. వేలమంది నల్లవాళ్ళు, అందరి చేతుల్లో రాళ్ళు.

"రాళ్ళు కింద పడెయ్యండి!" మైకులో అరిచాడు ఆఫీసరు. వాడిదీ మా భాషే. "ఉన్నచోటే పడెయ్యండి!"

"ఇక్కడ పడేస్తే మళ్ళీ ఎవడు ఏరతాడ్రా, మీ నాన్నా?" ఎవరో అరిచారు. వరసంతా నవ్వింది.

ఎవరూ పడెయ్యలేదు. ఆడే నేల మీద ఏరిన రాయి మళ్ళీ పడెయ్యడం మాకు చేతకాదు. కుసేలి ముందుకు వెళ్ళి చెప్పాడు: "అయ్యా, ఇవి విసరడానికి కాదు. అంచు దాకా రానివ్వండి, పోసేస్తాం." మేం అంచు వైపు నడిచాం. వాళ్ళకు అది మీదికి రావడంలా కనబడింది.

రబ్బరు గుండ్లు పేల్చారు.

పొగ. కేకలు. నోజుకో చెంప పగిలి రక్తం కారింది. కుసేలి కూలిపోయాడు. గుండు మోకాలి చిప్ప మీద తగిలింది. అంత దగ్గర నుంచి కొట్టారు. పట్టుకుని మట్టిలో ఈడ్చారు. బొంగానినీ, ఇంకొందరినీ పట్టుకున్నారు. దొమ్మీ కేసట. సాక్ష్యానికని కొన్ని రాళ్ళు సంచిలో వేసుకున్నారు. బండి తలుపు మూసేముందు కుసేలి మెడ చాచి అరిచాడు:

"సముద్రం వైపు మూల ఇంకా ఏరలేదు!"

బండి వెళ్ళిపోయింది. ఇనప కవచాల బండీ, డాళ్ళవాళ్ళూ మిగిలారు. జనం చెదిరి గోడల పక్కన దగ్గుతున్నారు. యోలిస్వా చేతిలో పిడికిలంత రాయి ఉంది. చెయ్యి భుజం దాకా లేచింది.

"విసరకు," అంది నొమజిజి. "వాళ్ళు నిలబడింది దానికోసమే."

"కుసేలి మోకాలు చూశావు గదా అత్తా! ఊరుకోమంటావా?"

"ఊరుకోమన్నానా? ఏరమన్నాను. ఆ మూల ఉంది, వినలేదా?"

నొమజిజి వెళ్ళి సముద్రం వైపు మూలన వంగింది. నేను ఆమె పక్కన వంగాను. స్టాన్‌ఫర్డ్ వచ్చాడు. యోలిస్వా వచ్చింది. పగిలిన చెంపకు తలగుడ్డ అదుముకుని నోజుకో వచ్చింది. మళ్ళీ వరస కట్టింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఏరుతూ పోలీసుల దాకా నడిచాం. ఆఫీసరు తుపాకులు ఎత్తమన్నాడు. ఎత్తారు. మేం ఒక్కొక్కరం వెళ్ళి, వాళ్ళ కళ్ళలోకి చూస్తూ, చేతిలోది ఆ ఇనప బండి చక్రాల ముందు పెట్టి వెనక్కి వచ్చాం. పెడుతూనే ఉన్నాం. కుప్ప చక్రం ఎత్తు పెరిగింది. ఒక్క రాయి కూడా గాల్లోకి లేవలేదు. తుపాకులు పట్టిన చేతులు అలిసి కిందికి దిగాయి.

అప్పుడు, ఆ రోజు రిఫరీగా నిలబడ్డ మా పేట బడిపంతులు ఈల ఊదాడు.

కొంగ బొమ్మ జెర్సీల్లో మిగిలినవాళ్ళే ఆడారు. కుసేలి స్థానంలో ఎవరినీ దింపలేదు. పేట జట్టు కూడా తమవాళ్ళను అంతమందినే ఉంచింది. అటు స్టేడియంలో పెద్దపట్నం జట్టు ఎవరూ లేని స్టాండ్ల ముందు చేతులు కట్టుకుని కూర్చుందట. టీవీ వాళ్ళు పాత మ్యాచ్ వేశారట.

ఆట మధ్యలో ఇనప బండికి ఎక్కడికో వెళ్ళమని కబురొచ్చింది. కదలాలంటే రాళ్ళు అడ్డం. ఆఫీసరు మా వైపు చూశాడు. మేం ఆట చూస్తున్నాం. పోలీసులు డాళ్ళు కింద పెట్టి, వంగి, ఒక్కొక్క రాయీ ఏరి పక్కన పెట్టడం మొదలుపెట్టారు.

"అంచు దాటించండి బాబూ," అంది నొమజిజి, ఆట మీంచి చూపు తిప్పకుండానే. "ఆడే నేలమీద వెయ్యకండి."

డాక్టరు చూశాడు. కుసేలి మోకాలు ఇంక ఆటకు పనికిరాదన్నాడు. సోమవారం వాణ్ణి కోర్టుకు తెస్తారు. ఫ్యాక్టరీ మొదటి షిఫ్టు లోపలికి వెళ్ళదు, కోర్టు వీధికి వస్తుంది. కాలేజీ వస్తోంది. పొయ్యిలు అక్కడే వెలుగుతాయి.

నేనూ వస్తున్నాను.