దిగమనే మాట

ఎత్తైన మేడల అద్దాలు బయటి నుంచి తుడవడం అతని పని. నడుముకి తాడు బిగించి, పిట్టగోడ దాటి కూర్చుని, అమ్మకి ఫోన్ చేస్తాడు. "దిగు నాన్నా, నేనున్నా" అని ఆవిడ అనాలి. అప్పుడుగానీ పట్టు సడలించి కిందికి జారడు. జుట్టు నెరిసినా ఇదే వరస. తోటివాళ్ళు అమ్మకూచి అని పేరు పెట్టారు. పెళ్ళాం మాత్రం ఏ పేరూ పెట్టలేదు. పెట్టి లాభం లేదని ఆమెకి కాపురానికొచ్చిన కొత్తల్లోనే తెలిసిపోయింది.

ఆ రోజు ఆమె బట్టలు ఆరేస్తుంటే పనిలో అతని జోడీదారు ఫోన్ చేశాడు.

"వదినా, పెద్దమ్మ ఫోనెత్తట్లేదు! ఎలాగూ ఎత్తుతుందిలే అని వీడు ముందే దిగాడు. పదమూడో అంతస్తు దగ్గర బిగుసుకుపోయాడు. పైకీ రాడు, కిందికీ పోడు. తొందరగా చూడండి!"

తడిచేతులతోనే లోపలికి పరిగెత్తింది. అత్తగారు మంచం మీద కూర్చుని ఉంది. ఒళ్ళో ఫోన్ మోగుతూనే ఉంది.

"వినపడట్లేదా అత్తయ్యా? ఎత్తండి!"

అత్తగారు అడ్డంగా తలూపింది.

"నా మీద కోపముంటే నన్ను తిట్టండి. ఆయనేం చేశారు?"

"కోపమేంటే? వచ్చేవారం ఆపరేషనయ్యాక నాకు మాట రాదన్నాడు డాక్టరు. నేను చెప్పకుండా దిగడం వాడు నేర్చుకోవద్దూ?"

గొంతులో గడ్డ సంగతి కోడలికి తెలుసు. మాట పోతుందన్నది ఇప్పుడే వింటోంది. జాలిపడే తీరిక కూడా లేదు.

"నేర్పడానికి పదమూడో అంతస్తే దొరికిందా మీకు?" అంటూ ఫోన్ లాక్కుంది. "ఏమండీ, నేను చెబుతున్నా. ఏం కాదు, దిగండి!"

"అమ్మకివ్వు." అతను ఏడుస్తున్నాడు. "అమ్మకివ్వవే. చెయ్యి జారిపోతోంది."

ఇంకో రోజైతే ఆ మాటకి ఆమెకి ఒళ్ళు మండేది. ఇప్పుడు అత్తగారి ముందు కూలబడింది.

"మీ కాళ్ళు పట్టుకుంటానత్తయ్యా!"

అత్తగారు ఫోన్ తీసుకుని కళ్ళు మూసుకుంది. "దిగు నాన్నా. నేనున్నా."

అవతల తాడు సర్రుమంది. కాసేపటికి ఫోన్లో జోడీదారు గొంతు వినపడింది.

"దిగాడొదినా. కింద కూర్చున్నాడు."

ఆమె గోడకి చేరగిలబడి భోరున ఏడ్చింది. ఏడుపు సద్దుమణిగాక అడిగింది.

"మాట పోతుందని ఆయనకి చెప్పారా?"

"నువ్వే చెప్పవే. నాకు భయం."

"నాకూ భయమే అత్తయ్యా."

మధ్యాహ్నం అతను ఆ మేడకి అవతలి వైపు అద్దాలు తుడవాలి. ఫోన్ మళ్ళీ మోగింది. ఈసారి నా వల్ల కాదన్నట్టు అత్తగారు పెదవులు బిగించి, చేతులు రెండూ వెనక్కి దాచుకుంది. ఇన్నేళ్ళుగా ఆ 'దిగు నాన్నా' అనే మాటని మనసులో తిట్టుకుంటూ వచ్చిన కోడలే ఫోనెత్తి, అత్తగారి నోటి దగ్గర పెట్టింది.